చలిచెట్టు

మా హోటలు ముందు కారాపినవాళ్ళు కాఫీ కన్నా ముందు అడిగేది ఒకటే. "ఆ ఎండిపోయిన చెట్టేంటండీ, అంత పొడుగుంది?" అడుగుతారు, దాని కింద నిలబడి ఫోటో దిగుతారు, పెసరట్టు తింటారు. కొందరు స్వెట్టర్లలో వణుకుతూ నా చేతుల్లేని బనీను వంక చూసి, "మీకు చలెయ్యదా?" అంటారు. అలవాటైపోయిందంటాను. ఇడ్లీ లేదా అంటే లేదంటాను. ఎందుకు లేదో చెప్పాలంటే చెట్టు సంగతి చెప్పాలి. అది విన్నవాడెవడూ నా హోటల్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోడు.

మీరు తినడానికి రాలేదు కాబట్టి చెబుతాను.

నా పేరు ఏలియా. మాది కోనసీమలో కాలవగట్టు మీద ఊరు. ఈ లంబసింగి కొండ మీదికి నా భార్య వెనకాల వచ్చాను. "పెళ్ళాం ఉద్యోగానికెళ్తుంటే వీడు గిన్నెలు మోసుకుంటూ పోయాడు" అని మా వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఎస్తేరు చెట్ల మీద పెద్ద చదువు చదివింది. కొండ మీద ఒక పరిశోధన కేంద్రంవాళ్ళు ఆమెకు ఉద్యోగమూ, రోడ్డు పక్కన క్వార్టరూ ఇచ్చారు. ఆ క్వార్టరు వరండాలోనే నేను టిఫిను హోటలు పెట్టాను. మంచు చూడ్డానికొచ్చే జనానికి వేడివేడిగా ఏదో ఒకటి కావాలి కదా.

ఎస్తేరుకు చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి. మా వైపు క్రిస్మస్‌కి సరుగుడు కొమ్మ నరుక్కొచ్చి, బకెట్టులో ఇసక పోసి పాతి, రంగు కాగితాలు కట్టి, పైన దూది అంటించేవాళ్ళం. దూదే మాకు మంచు. సండే స్కూల్లో టీచరమ్మ ఒక గ్రీటింగు కార్డు చూపించి, "అసలు చెట్టు ఇదమ్మా, ఫర్ చెట్టు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. మన వేడికి బతకదు" అందట. ఆ మాట పట్టుకున్న పిల్ల పెళ్ళయ్యాక కూడా వదల్లేదు. "ఎందుకు బతకదో నేనూ చూస్తాను" అనేది, చెట్టుతో ఏదో పంతం ఉన్నట్టు.

లంబసింగిలో చలి ఉన్నా అది కొన్ని నెలలే. వేసవి వచ్చిందంటే ఫర్ మొక్క వేళ్ళు మట్టిలోనే ఉడికిపోతాయి. కేంద్రంలో నాటినవన్నీ అలాగే పోయాయి. అప్పుడొక రోజు ఎస్తేరు మా వంటింట్లో ఫ్రిజ్జును గోడ నుంచి ముందుకు లాగి, నా చెయ్యి పట్టుకుని దాని వెనకాల పెట్టింది.

"ఎలా ఉంది?"

"కాలుతోంది. మెకానిక్కుని పిలవాలా?"

"అబ్బా, బానే ఉంది. లోపల చల్లగా ఉండాలంటే ఆ వేడిని ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి కదండీ. నా బూజు కూడా అదే చేస్తుంది."

బూజంటే పచ్చడి మీద పట్టేది కాదు. ఎస్తేరు ఏళ్ళ తరబడి సీసాల్లో పెంచిన తెల్లటి బూజు. మట్టిలో సన్నటి దారాల్లా పాకుతుంది. ఒక కొసతో చెట్టు వేళ్ళను చుట్టుకుని, అక్కడి వేడిని లాక్కుపోయి రెండో కొసన కుమ్మరిస్తుంది. మొక్కకు మా ముంగిట్లో పాదు తవ్వారు. వేడి పొయ్యడానికి వంటింటి వెనకాల రాతి గుంట కట్టి నీళ్ళు నింపారు.

"ఒక్కటే జాగ్రత్త," అంది ఎస్తేరు. "కొత్తలో దీనికి తన చెట్టేదో తెలియదు. మొదటి పది రోజుల్లో పాదులో ఏ ప్రాణి తాలూకు ముక్క దొరికితే దాన్నే తనదనుకుంటుంది. ఆ తరవాత ఇంక ఎవర్నీ చేర్చుకోదు, చేర్చుకున్నవాళ్ళను వదలదు. ఆ పది రోజులూ పాదులో ఎవరూ చెయ్యి పెట్టకండి."

చుట్టూ వెదురు కంచె కట్టించింది. అందరికీ చెప్పింది. చెప్పేటప్పటికి తనే పచ్చి బాలింతరాలు. బూజు సీసాలో ఎక్కువ రోజులు ఆగదని, పాపను నాకిచ్చి, తలకు గుడ్డ కట్టుకుని, తన చేత్తోనే మొక్క నాటింది.

పాపకు నిరీక్షణ అని పేరు పెట్టాం. ఎస్తేరుకు తల్లి లేదు కాబట్టి పురుడు పొయ్యడానికి మా అమ్మ సంతోషమ్మ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే గోల.

"ఒరేయ్ ఏలియా, ఇదేం ఊర్రా నాయనా. చుట్ట కాల్చకుండానే నోట్లోంచి పొగ వత్తంది. ముసలిముండని చంపుదామనే తీసుకొచ్చావా?"

చలంటే మా అమ్మకు పగ. రెండు రగ్గులు కప్పుకుని, ఒళ్ళో కుంపటి పెట్టుకున్నంత పని చేసేది. ఒంట్లో మిగతాదంతా ఎలా ఉన్నా కాళ్ళు మాత్రం ఎప్పుడూ ఐసుగడ్డలే. గుంట సంగతి తెలిశాక కుంపటి మానేసింది. పొద్దున్నే గుంట గట్టు మీద కూర్చుని, పగుళ్ళు తేలిన పాదాలు రాతికి ఆనించి, "అబ్బ, దేవుడా" అని కళ్ళు మూసుకునేది. పురుడయ్యాక వెళ్ళిపోతానన్న మనిషి మరి కదల్లేదు. పాప ఆమె చంక దిగేది కాదు.

నేనేం తక్కువ తిన్నానా? గుంటలో నీళ్ళు ఏడాది తిరిగేసరికి మరగడం మొదలుపెట్టాయి. పైన ఇడ్లీ గిన్నె దించాను. కట్టెలక్కర్లేదు, గ్యాసక్కర్లేదు. బోర్డు కూడా రాయించాను, "చెట్టు ఇడ్లీ" అని. జనం విరగబడ్డారు. అంత మెత్తటి ఇడ్లీ నేను మళ్ళీ చెయ్యలేదు.

చెట్టు పెరగడం చూస్తే ముచ్చటేసేది, కాస్త భయం కూడా వేసేది. కిందికి వాలిన కొమ్మలు, ముదురాకుపచ్చ సూదులు, తుంచితే నిమ్మతొక్క వాసన. ఎస్తేరు కింది కొమ్మలు కత్తిరించేది, పాదులో రాలిన సూదుల్నే పరిచి తేమ ఆరకుండా చూసేది, ఆకు మీద నీళ్ళు పొయ్యనిచ్చేది కాదు. నాలుగో ఏటికి అది మా చర్చి సిలువను దాటిపోయింది. నడివేసవిలో కూడా దాని చుట్టూ గడ్డి మీద తెల్లగా మంచు గుండ్రంగా గీసినట్టు ఉండేది. పిట్ట వాలేది కాదు. వీధికుక్కలు రోడ్డు దాటి అవతలి పక్క నుంచి పోయేవి. పాప మాత్రం అన్నం గిన్నె పట్టుకుని దాని మొదట్లోనే కూర్చునేది.

పాప ఒళ్ళు చల్లన. నీళ్ళకుండ ముట్టుకున్నట్టుండేది. నర్సీపట్నం నుంచి కొండకొచ్చిన డాక్టరుగారు థర్మామీటరు మూడుసార్లు విదిలించి చూసి, "పిల్ల ఆడుకుంటోంది, తింటోంది, కొందరి ఒంటితీరు అంత" అన్నారు. జ్వరమన్నది ఎరగదు. మేము చలికి ముడుచుకుపోతుంటే అది ఒంటి మీద గౌనుతో మంచులో తిరిగేది. చలెయ్యట్లేదామ్మా అంటే, చలంటే ఏమిటని అడిగేది. మా మధ్యలో పడుకోబెట్టుకుంటే తెల్లారేసరికి మేమిద్దరం వణుకుతూ లేచేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం కూడా, ఫ్రిజ్జులో పుట్టిందే అని.

పాపకు అయిదో ఏడు నడుస్తుండగా, మే నెలలో మా అక్క కొడుకు పెళ్ళికని అందరం కోనసీమ బయల్దేరాం. పాప కొండ దిగడం అదే మొదటిసారి. ఘాట్ రోడ్డు దిగుతుండగానే ఒళ్ళు వెచ్చబడింది. ఊరు చేరేసరికి పెనంలా కాలిపోతోంది. ఆస్పత్రిలో తడిగుడ్డలు వేశారు, సూదులు పొడిచారు, దిగలేదు. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఎస్తేరు పిల్లను గుండెకు కరుచుకుని, "కొండెక్కించెయ్యండి, దీనికి ఈ గాలి పడలేదు" అంది. పెళ్ళి చూడకుండానే జీపులో తిరిగొచ్చాం.

ఇంటి ముందు జీపాగింది. మా అమ్మ అలవాటు చొప్పున గబగబా వెనక గుంట దగ్గరికి నడిచింది. ఎస్తేరు దిగి, నడుము పట్టేసిందేమో, పాపను ఒక్క క్షణం కింద నిలబెట్టింది. పాప వట్టికాళ్ళు మట్టికి ఆనాయి.

వెనక నుంచి మా అమ్మ కేక. నేను పరుగెత్తాను. మేం లేని రోజుల్లో గోరువెచ్చబడ్డ గుంట ఒక్కసారిగా పొంగింది. ఇడ్లీ గిన్నె మూత ఎగిరి గోడకు కొట్టుకుంది. మా అమ్మ చీర కుచ్చెళ్ళ మీద మరిగే నీళ్ళు. ఆమెను పక్కకు లాగి ముందుకొస్తే, ఎస్తేరు పాప నుదురూ మెడా తడిమి చూస్తోంది.

"జ్వరం లేదండీ," అంది. "ఒక్క నిమిషంలో పోయింది."

నేను గుంట సంగతి చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది. తరవాత పాపను ఎత్తుకుంది. "వెనక్కెళ్ళి చూడండి." వెళ్ళాను. పొంగు తగ్గుతోంది. "ఇప్పుడు?" అని ఇంటి ముందు నుంచి అరిచింది. గుంట మళ్ళీ పొంగింది. ఆమె పాపను మళ్ళీ దించిందని నాకు చూడకుండానే తెలిసింది. ఇంకోసారి ఎత్తింది, ఇంకోసారి దించింది. ఇన్నేళ్ళుగా నేను ఇడ్లీలు ఉడికించింది దేని మీదో నాకర్థమైంది. ఆ రోజు బోర్డు పీకి గుంటలో పడేశాను.

ఎస్తేరు పాప మడమ దగ్గర చర్మం కాస్త గీరి, కేంద్రంలో భూతద్దం కింద పెట్టి చూసుకుని వచ్చింది. వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంది. "దారాలున్నాయి," అంది. "పాపను కూడా చెట్టే అనుకుంటున్నాయి. ఎలా? పాదులో పాప తాలూకు ముక్క పడితే తప్ప..."

మా అమ్మ కాలిన కాళ్ళకు వెన్న రాసుకుంటోంది. రాసుకుంటున్న చెయ్యి ఆగింది.

"బొడ్డు ఊడింది కదమ్మా," అంది మెల్లగా. "పిల్లకి తొమ్మిదో రోజున. మా ఇంట్లో బొడ్డు ఊడితే కొబ్బరిమొక్క పాదులో పెడతాం, చెట్టుతోపాటు పిల్ల పెరగాలని. ఏలియాది అలాగే పెట్టాను. ఆ చెట్టు ఇంకా కాత్తంది. ఇక్కడ కొబ్బరిమొక్క ఏదీ? నువ్వు నాటిన మొక్కేగా, నీ మొక్క దగ్గరే పెడదామని కంచె సందులోంచి..."

"చెయ్యి పెట్టొద్దని నేను మీకు చెప్పలేదా అత్తయ్యా?"

"చెప్పావు. పిల్లకి మంచి జరగాలనే కదమ్మా..."

ఎస్తేరు అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. మా అమ్మ అప్పట్నుంచి గుంట వైపు వెళ్ళడం మానేసింది. చలికి గజగజలాడుతూ మూల కూర్చునేది. కుంపటి పెడితే పక్కకు నెట్టేసేది. "నా మనవరాలి ఒంట్లో వేడి తీసి కాళ్ళు కాచుకున్నదాన్ని, నాకు కుంపటొకటా" అనేది.

కొట్టెయ్యండి చెట్టుని అన్నాను నేను. గొడ్డలి కూడా తీశాను. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకెళ్ళి రెండు కుండీలు చూపించింది. రెండు మొక్కల్ని ఒకే బూజుతో ముడిపెట్టి, ఒకదాన్ని నరికేసిందట. మర్నాటికల్లా రెండోది గడ్డకట్టి నల్లబడిపోయింది. "చెట్టు పోతే ఆ చలంతా పాప ఒక్కదాని మీదే పడుతుంది," అంది. "ఉంచుకుంటే? చెట్టు పెరిగేకొద్దీ ఇంకా చల్లదనం అడుగుతుంది. పాప నాడి చూశారా, వేసవంతా ఎలా నిద్రపోయిందో చూశారా? ఇంకో వేసవి తట్టుకోదండీ."

వానలన్నీ ఆమె కుండీలతోనే గడిపింది. ఎన్ని జతల మొక్కలు చంపిందో. కార్తీకం వెళ్ళేసరికి ఒక దారి దొరికింది. బూజును వేడి కొస నుంచి కాల్చుకుంటూ వస్తే దారాలు చస్తాయి. చచ్చేటప్పుడు ఆ వేడంతా వెనక్కి తన్నుకొస్తుంది. ముడిపడ్డ రెండింటిలో ఏది ఎక్కువ చల్లగా ఉంటే దానిలోకి పోతుంది. అది మాడిపోతుంది, రెండోది బతుకుతుంది.

"అంటే పాప కన్నా చెట్టు చల్లగా ఉండాలి," అన్నాను.

"ఆ కాసేపూ. ఆ కాసేపే."

అప్పుడే మా పక్క కొండవాలు రైతు పాంగి సోమన్న, ఎస్తేరు పైఅధికారి పరాంకుశంగారూ కలిసి హోటలుకొచ్చారు. సోమన్న కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"అమ్మా, మీ సెట్టు నీడ కాదు గానీ దాని సలి మా తోటలోకి వచ్చేసింది. కాపీ మొక్కలన్నీ మాడిపోనాయి. పిల్లలున్నోళ్ళం, ఏటి సెయ్యమంటారు?"

అతను చెప్పింది నిజం. పరాంకుశంగారు క్రిస్మస్ పండగ వెళ్ళగానే చెట్టు కొట్టించేస్తానని మాటిచ్చేశారట. ఎస్తేరు ఆయన్ని లోపలికి పిలిచి పాప చెయ్యి ఆయన చేతిలో పెట్టింది. పెద్దాయన పట్టుకున్న చెయ్యి వదల్లేక, పట్టుకోలేక అలాగే నిలబడిపోయారు. "పండగలోపు నువ్వేం చేస్తావో చెయ్యమ్మా, నేను అడ్డురాను. కానీ ఆ తరవాత నేను ఆపలేను" అన్నారు.

క్రిస్మస్ ముందు వారం, మంచు బాగా పడిన ఒక ఉదయం ఎంచుకున్నాం. నర్సీపట్నం నుంచి చేపల లారీలో ఐసుదిమ్మలు తెప్పించి చెట్టు మొదట్లో గుట్ట పోశాం. గుంటలో నీళ్ళు తోడేసి చింతమొద్దులు, సిల్వర్ ఓక్ దుంగలు పేర్చాను. నా పని మంట. ఎస్తేరు పని మట్టిలో దించిన థర్మామీటర్లు చూస్తూ మంట పెంచమనీ తగ్గించమనీ చెప్పడం. మరి పాపకు వెచ్చదనం ఎక్కడిది? వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టి చూశాం, అవి నిమిషాల్లో చల్లారిపోతున్నాయి. మనిషి కావాలి. ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకునే మనిషి.

"నేను పడుకుంటాను," అంది మా అమ్మ.

"వద్దత్తయ్యా," అంది ఎస్తేరు. ఆ మాటకు ముందు ఎన్ని నెలలుగా ఆమెను అత్తయ్యా అని పిలవలేదో. "మీ ఒంట్లో వేడంతా లాగేస్తుంది. నేను ఉంటాను, ఆయన థర్మామీటర్లు చూస్తారు."

"వాడికి పాలు పొంగితే తెలీదు, థర్మామీటరు చూత్తాడా? నువ్వు నీ పని చూసుకో తల్లీ. నా దగ్గర లాగడానికేముందే? నేనే పెద్ద చలిదాన్ని."

నవ్వింది. మే నెల తరవాత నేను ఆమె నవ్వు చూడటం అదే. ఉన్న రగ్గులన్నీ నేల మీద పరిపించుకుంది. పాపను రవికెలోకి దూర్చుకున్నంత దగ్గరగా కౌగిలించుకుని, "నాకు కత చెప్పవే నిరీచ్చనా" అంటూ కళ్ళు మూసుకుంది. నేను తలుపు దగ్గరగా వేశాను.

మంట అంటించాను. రాళ్ళు ఎర్రబడ్డాయి. ఎస్తేరు ముంగిట్లోంచి అరుస్తోంది, "ఇంకా! ఇంకా!" మొహం కాలిపోతున్నా దుంగ మీద దుంగ తోశాను. పాప దగ్గర తీసుకున్నదంతా ఆ పొయ్యిలోనే తిరిగిచ్చేస్తున్నట్టనిపించింది నాకు. అంతలో కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. గుంట నుంచి ముంగిలి దాకా మట్టి మీద ఒక చారలో మంచు కరిగి ఆవిరి లేచింది.

చెట్టు మూలిగింది. గాలికి కొమ్మలు చేసే చప్పుడు నాకు తెలుసు, ఇది అది కాదు. మానులోంచి వచ్చింది. ఐసుదిమ్మలు ఠప్ ఠప్‌మని పగిలాయి. బెరడు సందుల్లోంచి పొగ, దానితో నిమ్మతొక్క వాసన గుప్పుమని కొండంతా కమ్మేసింది. అప్పుడు సూదులు రాలాయి. ఒకటీ అరా కాదు, ఏళ్ళుగా పచ్చగా ఉన్న చెట్టు మొత్తం ఒక్కసారి రాలిపోయింది. జోరువాన పడ్డట్టు చప్పుడు. ఆ చప్పుడు ఆగాక ఎస్తేరు తల నిండా సూదులతో నిలబడి, "చచ్చిపోయింది" అంది. ఏడుస్తోంది. దేనికో నేను అడగలేదు.

లోపల్నుంచి పాప గొంతు.

"నాన్నా, నాకేంటో అవుతోంది. ఒళ్ళంతా వణుకుతోంది."

తలుపు తోసుకుని వెళ్ళాం. పాప నుదుటి మీద చెమట. ముట్టుకుంటే వెచ్చన, మామూలు పిల్లల్లాగే వెచ్చన. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "అదేనమ్మా చలంటే," అంది ఎస్తేరు, నవ్వుతూ ఏడుస్తూ.

పాప ఇటు తిరిగి, "నానమ్మా, నాకు చలేస్తోంది, దుప్పటి కప్పవే" అంది.

మా అమ్మ చేతులు దాని చుట్టూ అలాగే బిగించి ఉన్నాయి. విడదీయడానికి నేనూ ఎస్తేరూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. జుట్టు మీద సన్నగా మంచు. అరచేతుల్లో తెల్లగా, దూదిలా, బూజు. పాపను వదిలిన దారాలు చివరికి అక్కడ చేరి ఆగినట్టున్నాయి.

కోనసీమ తీసుకెళ్ళలేదు. కొండవాలు సమాధుల తోటలోనే పెట్టాం. పెట్టె మూసేముందు పాప వచ్చి, రాలిపోయిన చెట్టు తాలూకు కాయ ఒకటి నానమ్మ చేతిలో పెట్టింది. ఎవరమూ కాదనలేదు. ఆ రోజు కాదనే ఓపిక ఎవరికుంది?

మా అమ్మ చలికి ఓర్చుకోలేని మనిషి. నాకు అదే దిగులు పట్టుకుంది. నేల కింద ఎంత చలో. రోజూ పొద్దున్నే కుంపటి రాజేసి తీసుకెళ్ళి, సమాధి మీద కాళ్ళ వైపు పెట్టి వచ్చేవాణ్ణి. పాస్టరుగారు ఎదురైతే పక్కకు తప్పుకుని దారిచ్చేవారు. నిప్పులు చల్లారేవి, మట్టి మట్టిలాగే ఉండేది.

వానలు పడ్డాక ఒక రోజు సమాధి తల వైపు ఆకుపచ్చగా ఏదో కనబడింది. సూదులు. వేలెడంత ఫర్ మొక్క. దాని చుట్టూ గడ్డి మీద ఉంగరమంత మంచు. నేను పరుగున పోయి ఎస్తేరును తీసుకొచ్చాను. ఆమె చాలాసేపు వంగి చూసింది.

"పాపకు భయం లేదండీ," అంది. "ఆ కాయలోంచి మొలిచింది, మొక్కా కొత్తదే, బూజూ కొత్తగా మొదలైంది. పాప తాలూకుది ఇక్కడేమీ లేదు. దీన్నొక్కదాన్నే చల్లబెట్టుకుంటుంది. పీకెయ్యమంటే పీకేస్తాను."

"వేడి ఎక్కడ పారబోస్తుంది?"

"చూడండి, దారాలు కిందికి పోయాయి. కాళ్ళ వైపు."

"అమ్మ కాళ్ళ దగ్గరా?"

ఆమె నా వంక చూసింది. "మొక్క చిన్నదండీ. చెయ్యి వెచ్చబడేంత కూడా రాదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ పది రోజులూ ఎవరూ పాదులో చెయ్యి పెట్టకూడదు."

పెట్టనని తల ఊపాను.

మర్నాడు కుంపటి తీసుకుని వెళ్ళాను. గోళ్ళు తీసుకునేది జేబులో వేసుకున్నాను. వేలి గోళ్ళు తీసి, చాలవేమోనని, వేలి కొసన చర్మం కూడా కాస్త గీరి, ఆ పాదులో పెట్టి మట్టి కప్పాను. బొడ్డు పెట్టేటప్పుడు మా అమ్మ కూడా ఇలాగే కూర్చుని ఉంటుందనిపించింది. పాప పొడుగ్గా పెరగాలని ఆమె చేసింది. ఆమె కాళ్ళు వెచ్చగా ఉండాలని నేను చేశాను. ఎస్తేరుకు చెప్పలేదు. చెబితే ఆమె మళ్ళీ కుండీల దగ్గర కూర్చుంటుంది.

ఇప్పుడు మొక్క నా నడుము దాకా వచ్చింది. కింది కొమ్మలు నేనే కత్తిరిస్తాను, సూదులు పాదులో నేనే పరుస్తాను. మొక్కను కేంద్రానికిమ్మని పరాంకుశంగారు రెండుసార్లు అడిగారు, ఇవ్వనన్నాను. ఇప్పుడు కుంపటి అక్కర్లేదు. కాళ్ళ వైపు మట్టి మీద అరచెయ్యి పెడితే హాయిగా, పాలగ్లాసు పట్టుకున్నంత వెచ్చగా ఉంటుంది. కాసేపు అలా పెట్టుకుని కూర్చుని, వీధుల్లో జనం మొదలయ్యేలోపు ఇంటికొచ్చేస్తాను.

ఈ ఉదయం కూడా అలాగే వచ్చి, నిద్రపోతున్న పాప నుదుటి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉందో లేదో చూసుకోవడం నాకు అలవాటైపోయింది. పాప ఉలిక్కిపడి, నా చెయ్యి తోసేసి, దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

"అబ్బ, తియ్యి నాన్నా," అంది. "నీ చెయ్యి చల్లగా ఉంది."